పదిహేడో నంబరు రక్తం

మార్చి 2, శనివారం

మహాజనులారా! ఈ నోట్‌బుక్కు తెరిచిన పాపానికి మీకు కలగబోయే సమస్త కష్టనష్టాలకూ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో భాష బాగుండదు, భావం అసలుండదు, దస్తూరి కోడి గీరినట్టుంటుంది. మహాజనులంటే ఎవరో కాదు, నేనే. ఇది నా డైరీ. అయినా ఎవరో ఒకరికి క్షమాపణ చెప్పకుండా గ్రంథం మొదలుపెట్టడం మర్యాద కాదు కదా.

పనిలో పనిగా పాత నేరాలు కూడా ఒప్పేసుకుంటాను. ల్యాబ్‌లో పెద్దాయన వెతుకుతున్న ఎర్ర పెన్ను పోలేదు, నా సొరుగులో ఉంది. అమ్మ కళ్లజోడు మీద కూర్చున్నది పిల్లి కాదు. మాకు పిల్లి లేదు. అక్క టీ కప్పు పిడి ఊడిపోతే ల్యాబ్‌లో స్లైడ్లకు వాడే జిగురుతో అతికించి, "నీ మనవలు కూడా ఇందులోనే తాగుతారు" అని హామీ ఇచ్చాను. ఈ మూడూ తీసేస్తే నా చరిత్ర కడిగిన ముత్యం.

డైరీ ఎందుకంటే, డాక్టరమ్మ చెప్పింది. "పరిశోధనలో ఉన్నవాడు ఏ రోజు ఏం చేశాడో ఆ రోజే రాసుకోవాలి బాబూ" అంది. ఆవిడ అన్నది ల్యాబ్ రిజిస్టరు గురించని తర్వాత తెలిసింది. అప్పటికే అట్టమీద ఏనుగు బొమ్మ ఉన్న ఈ నోట్‌బుక్కు కొనేశాను.

భావితరాల కోసం పరిశోధన సంగతి రెండు ముక్కల్లో. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఒక జబ్బుంది. ఒంట్లో కాపలాకి పెట్టుకున్న సైన్యమే దారితప్పి, నరాల మీది తొడుగుని కొరుక్కుతింటుంది. ఇంటి కుక్కే కరెంటు వైరు కొరికినట్టు. ఆ జబ్బున్న రెండొందల మంది నుంచి డాక్టరమ్మ నెలనెలా రక్తం తీయిస్తుంది. అందులో ఎర్రకణాలను నేను కొలుస్తాను. కణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా, చిన్నా పెద్దా కలగాపులగంగా ఉన్నాయా అని చెప్పే అంకె ఒకటుంది. ఆర్‌డీడబ్ల్యూ. నేను ముద్దుగా "తేడా అంకె" అంటాను. జబ్బు ముదిరేవాళ్లలో ఆ అంకె పెరుగుతోందేమోనని ఆవిడ అనుమానం. ఇంకా అనుమానమే. "ఇది ఎవరి జాతకమూ కాదు. రెండొందల మందిని ఒక్కచోట పెట్టి చూస్తే ఏమన్నా కనిపిస్తుందేమో, అంతే" అని ఆవిడ ఇప్పటికి పదిసార్లు చెప్పింది. నేను పదిసార్లూ తలూపాను.

కొలిచే యంత్రం పేరు అత్తగారు. పేరు నేనే పెట్టాను. రక్తంలో చిన్న గడ్డ కనబడితే చాలు, ఊరంతా వినపడేలా కూతపెడుతుంది. పొద్దున్నే కడిగి, తుడిచి, పలకరించకపోతే ఆ రోజు ఎవరికీ సుఖం ఉండదు.

రెండొందల మందిలో పదిహేడో నంబరు మా అక్క.


మార్చి 3, ఆదివారం

అక్క బోర్డులు రాస్తుంది, గోడల మీద బొమ్మలు వేస్తుంది. నిరుడు ఎండాకాలంలో మొదట ఎడమచేతిలోంచి పెన్సిలు జారింది, వారం తర్వాత నిచ్చెన మీద ఉండగా ఎడమకన్ను మసకేసింది, ఎడమకాలు మొద్దుబారింది. కింద పడలేదు. "దిగాను. చాలా హుందాగా దిగాను" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది. పది నెలల నుంచి నేలమీదే ఉంది. అయితే కొత్త సంవత్సరం నుంచి కన్ను బాగుంది, నడక బాగుంది, నోరు ఎప్పుడూ బాగానే ఉంది.

ఇప్పుడు బడి గోడ పని వచ్చింది. అరవై అడుగుల పొడవు, రెండు నిలువుల ఎత్తు. హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా ఫోన్ చేసి అడిగింది. చుట్టూ కమ్మీలు కట్టిన పరంజా వేయిస్తారట, నడుముకి బెల్టు కూడా ఇస్తారట. డాక్టరమ్మ సరే అంది.

అమ్మ మాత్రం, "వాడి అంకె వచ్చాక చూద్దాం" అంది.

ఈ జాడ్యం నేనే అంటించాను. నెలనెలా అక్క రిపోర్టు తెచ్చి, "పదమూడు పాయింట్ ఒకటి! ఫస్ట్ క్లాస్! క్లాసులో మొదటి బెంచీ!" అని హాల్లో దండోరా వేసేవాణ్ణి. నవ్వడానికి చేశాను. అమ్మ నమ్మడానికి వాడుకుంది. ఇప్పుడావిడకి డాక్టరమ్మ మాట కన్నా తేడా అంకె మాటే వేదం.

సాయంత్రం టీ తాగుతుంటే అక్క చేతిలోంచి కప్పు జారి పడింది. ఎడమచెయ్యి.

"అయ్యో" అంది అక్క. ముక్కలు ఏరి తుడిచేసింది. గోడ మీద ఏం వెయ్యాలో మాట్లాడటం మొదలుపెట్టింది. అమ్మ చూడలేదు.

నేను చూశాను. ఎడమచెయ్యి.


మార్చి 4, సోమవారం

పొద్దున్న అక్కకి ఇంట్లోనే రక్తం తీశాను. ఆసుపత్రికి రానంటుంది, అక్కడి వాసన పడదట. డాక్టరమ్మ అనుమతి ఉంది, "నువ్వు తీసినా నేను తీసినా ఒకటే" అని.

"మెల్లిగా రా సైంటిస్టూ, అది బోరుబావి కాదు."

"కదలకు. కదిలితే అత్తగారికి చెప్తాను."

"ఈసారి ఎంతొస్తుందో పందెం. పదమూడే."

ఊదా మూత ట్యూబు నిండింది. జేబులో పెట్టుకుని వెళ్లాను. తీసిన టైము ల్యాబ్‌కి వెళ్లాక చీటీ మీద రాయాలి.

ల్యాబ్‌లో చాలా పని.


మార్చి 5, మంగళవారం

చాలా పని. అత్తగారికి ఒంట్లో నలతగా ఉన్నట్టుంది.


మార్చి 6, బుధవారం

ఈ రోజు పదిహేడో నంబరు వేశాను.

15.4.

మళ్లీ వేశాను. 15.4.

ట్యూబుని పదిసార్లు తిరగేసి, మళ్లీ వేశాను. 15.5. మరీ పొగరు!

కణాల సైజు కూడా పెరిగింది. పోయిన నెల 88, ఇప్పుడు 96. కాగితం మడిచాను, విప్పాను, మడిచాను. ఇంట్లో చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. మొహం మీద చిరునవ్వొకటి తగిలించుకుని, ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాను.

"ఏమైందిరా?" అంది అమ్మ, గుమ్మంలోనే.

"ఏమీ కాలేదే! ఈల వేస్తున్నాగా!"

"అందుకే అడుగుతున్నా. పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఈల వేసింది లేదు. ఏదీ కాగితం?"

ఆ తర్వాత సంగతులు వేగంగా జరిగాయి. అమ్మ కాగితం చదివింది. నిచ్చెన తీసుకెళ్లి పక్కింటి వాళ్ల షెడ్డులో పెట్టించింది. అక్క నిచ్చెన వెళ్లిపోవడం చూసింది. అక్కకీ అమ్మకీ మధ్య పది నిమిషాలు మాటలు నడిచాయి. అవి రాయను.

చివరికి అక్క కాగితం తీసుకుని కాసేపు చూసి, "నాకు బాగానే ఉందే..." అంది. నాతో కాదు. తన కాలితో అన్నట్టుంది.

తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసింది. కొంచెం టైమివ్వండి, ఒంట్లో ఎలా ఉందో చూసుకోవాలి అంది. అవతలి నుంచి మర్యాదగానే చెప్పారట. సోమవారం సాయంత్రం దాకా ఆగుతారు, తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. పిల్లలు అడుగుతున్నారట, గోడ ఎప్పుడని.


మార్చి 7, గురువారం

నాకు ఇవాళ మహత్తరమైన ఆలోచన వచ్చింది. తప్పు యంత్రానిది! నలతగా ఉందని మంగళవారమే రాసుకున్నానా లేదా? సాక్ష్యం ఈ డైరీయే.

ఫిర్యాదుల పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశాను: "యంత్రం చూపించే అంకెలు నమ్మదగ్గవిగా లేవు. ఉదాహరణ: నంబరు 17." సంతకం పెట్టి, కింద గీత కూడా గీశాను.

పెద్దాయన చదివాడు. ఈయన మా ల్యాబ్‌కి యజమాని కాదు గానీ ముప్ఫై ఏళ్ల నుంచి మైక్రోస్కోపుకి కన్ను ఆనించి ఉన్నాడు కాబట్టి యజమాని కన్నా ఎక్కువ. రోజుకి ఓ నాలుగు వాక్యాలు మాట్లాడతాడు. అందులో మూడు "ఊఁ".

"ఊఁ" అన్నాడు. "పొద్దున వేసిన కంట్రోలు రక్తం సరిగ్గానే వచ్చిందే." కంట్రోలంటే యంత్రాన్ని పరీక్షించడానికి వేసే, అంకె ముందే తెలిసిన రక్తం.

"అత్తగారు కంట్రోలు ముందు మంచిగా నటిస్తుంది సార్."

"ఊఁ."

తర్వాత డాక్టరమ్మ వచ్చింది. పుస్తకం చదివి కళ్లజోడు తీసేసింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే ఏదో పెద్ద మాటే వస్తుంది.

"ఫిర్యాదు రాతలో పడింది. ఇక కారణం దొరకాలి బాబూ. దొరక్కపోతే ఈ వారం తీసిన మిగతా నలభై ఒక్కమందివీ పక్కన పడేసి, అందరినీ మళ్లీ పిలిచి రక్తం తియ్యాలి."

"అందరినీనా మేడమ్?"

"ఒక్కరిది తప్పైతే మిగతావి ఎలా నమ్ముతాం? యంత్రం ఒక్కటేగా."

నా మహత్తరమైన ఆలోచన ఇలా పిల్లలు పెడుతుందని నేను ఊహించలేదు. నలభై ఒకటి!


మార్చి 8, శుక్రవారం

యంత్రం బాగుచేసే ఇంజనీరు వచ్చాడు. అత్తగారి పొట్ట విప్పాడు, గొట్టాలు ఊదాడు, చెవి పెట్టి విన్నాడు. రెండు గంటలయ్యాక మూత బిగించి, "మీ యంత్రానికి ఏ రోగమూ లేదు. నాకన్నా ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. అత్తగారు ఒక్క కూత కూడా కూయలేదు. జన్మలో మొదటిసారి! ఆ మౌనం నా వైపు చూసి చేసిన మౌనమే.

ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. సోమవారం మధ్యాహ్నం నుంచి నలభై ఒక్కమందీ మళ్లీ రావాలి.

అందులో ముప్ఫైమూడో నంబరు టైపిస్టు తాతగారు. చక్రాల కుర్చీ. రెండు బస్సులు మారి వస్తారు, మనవరాలు తోసుకొస్తుంది. రక్తనాళం దొరకడం మహా కష్టం. పోయినసారి మూడుచోట్ల గుచ్చాక దొరికింది. అయినా ఆయన, "పరవాలేదోయ్, ముప్ఫై ఏళ్లు టైపు కొట్టాను. కొడితే గానీ పని కాదని నాకు తెలుసు" అని నన్నే ఓదార్చారు. ఆయనకి ఫోన్ నేనే చెయ్యాల్సి వచ్చింది.

"మళ్లీనా?" అన్నారు తాతగారు. తర్వాత, "సరేలే. నా రక్తం మీకంత నచ్చిందన్నమాట" అని నవ్వారు.

నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు నవ్వుతూనే ఉన్నాను, మొహం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం వెళ్లబోతుంటే పెద్దాయన పిలిచాడు. బల్ల మీద ఒక స్లైడు. పదిహేడో నంబరు ట్యూబులో మిగిలిన రక్తంతో బుధవారమే చేశాడట.

"చూడు" అన్నాడు.

చూశాను. ఎర్రకణాలు గుండ్రంగా ఉండాలి, మధ్యలో కొంచెం పల్లంగా. ఇవి ఉబ్బి ఉన్నాయి. కొన్నిటికి అంచుల చుట్టూ ముళ్లు మొలిచాయి.

"ఏం కనిపించింది?"

"ఏదో... కొత్త రకం జబ్బు సార్?"

"ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది. ఒక్క నెలలో ఊళ్లోవాళ్లంతా ఒకేసారి లావెక్కరు బాబూ." స్లైడు కొంచెం జరిపాడు. "బయట ఎక్కువసేపు ఉంచిన రక్తం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ముళ్లు కూడా అందుకే. చీటీ మీదేమో బుధవారం పొద్దున తీసినట్టుంది."

"చీటీ మీద అలాగే ఉంది సార్."

"ఊఁ" అన్నాడు. లైటు ఆపి, స్లైడుని నా చేతిలో పెట్టి, కోటు కొక్కేనికి తగిలించి వెళ్లిపోయాడు.

పెద్దాయనకి ఈ మధ్య చూపు మందగించి ఉంటుంది. వయసు కదా.


మార్చి 9, శనివారం

అబద్ధానికి కాళ్లు ఉండవంటారు. నిజమే. నా అబద్ధానికి చేతులున్నాయి. నలభై ఒకటి. అన్నిటి మీదా దూది, పట్టీ.


అదే రోజు, సాయంత్రం

అక్క హాల్లో నేల మీద కాగితాలు పరుచుకుని గోడకి వెయ్యాలనుకున్న బొమ్మ గీసింది. గీసి, చుట్టి, బీరువా పైన పెట్టింది. అక్కడ పెట్టినవేవీ మా ఇంట్లో మళ్లీ కిందికి రావు.


మార్చి 10, ఆదివారం

ఇవాళ పొద్దున అక్క వరండాలో కూర్చుని కుంచెలు కడుగుతోంది. వాడని కుంచెలు. పది నెలలుగా నెలకోసారి కడుగుతుంది, మర్చిపోతాయట.

పక్కన కూర్చున్నాను. "అక్కా, నీకో సంగతి చెప్పాలి" అన్నాను.

"చెప్పు."

"నవ్వకూడదు."

"నువ్వు చెప్పేది నవ్వొచ్చేది కాకపోతే కదా కొత్త."

చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఒక్కసారే చెప్పాను, కాస్త తడబడ్డాను, రెండు అబద్ధాలు మధ్యలో పెట్టబోయి తీసేశాను.

అక్క వినడం అయిపోయాక కూడా కుంచె కడుగుతూనే ఉంది. నీళ్లు తేటగానే వస్తున్నాయి.

"ఎందుకురా అలా చేశావ్?"

"పోయిన ఆదివారం కప్పు జారింది. ఎడమచెయ్యి. నిరుడు కూడా ఇలాగే మొదలైంది కదా, పెన్సిలు జారి..."

"కప్పా?" అంది అక్క. లేచి వంటింట్లోకి వెళ్లింది. చెత్తబుట్ట పక్కన తను ఏరి పెట్టిన పింగాణీ ముక్కల సంచీ తెచ్చి నా ఒళ్లో కుమ్మరించింది. అందులోంచి పిడి ఏరి నా కళ్ల ముందు పట్టుకుంది. "ఇదేంటి?"

పిడి. రెండు చివర్లా గాజుబిళ్లలా మెరిసే జిగురు. కప్పు పగిలినా పిడి పగల్లేదు. చెక్కు చెదరకుండా, తల్లి ఒడిలోంచి లేచొచ్చిన బిడ్డలా.

"నా చెయ్యి జారలేదురా వెధవా. వేడి తగిలి నీ జిగురు వదిలింది. పిడి నా చేతిలోనే ఉంది, కప్పే కింద పడింది! నీ మనవలు కూడా తాగుతారు అన్నావ్!"

మహాజనులారా, మనిషి తను స్వయంగా అతికించిన పిడి ఊడిందన్న సంగతి మర్చిపోయి, దాని మీద ఒక వ్యాధి కట్టి, దాని మీద ఒక యంత్రదోషం కట్టి, దాని మీద నలభై ఒక్కమందిని నిలబెట్టగలడు. పునాది ఊడిపోయే జిగురైనా సరే.

నవ్వుతాననుకున్నాను. ఏడుపొచ్చింది. కానీ అక్క నవ్వుతోంది కదా, కాబట్టి నవ్వాను. రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.

ఆమె నవ్వు ఆగాక, "ఒరేయ్," అంది, మెల్లిగా. "నా ఒంట్లో ఎలా ఉందో నన్నడగొచ్చుగా."

"నువ్వు బాగానే ఉందంటావు ఎప్పుడూ."

"బాగానే ఉంటే బాగానే ఉందంటాను. లేకపోతే లేదంటాను. నిరుడు నిచ్చెన మీదనుంచి దిగిందెవరు? నేనే. ఎవరూ చెప్పలేదు, ఏ అంకే రాలేదు. నా కాలు నాకు చెప్పింది, నేను దిగాను. మళ్లీ చెప్తే మళ్లీ దిగుతాను. ఇది ఎప్పుడో మళ్లీ వస్తుందని నాకు తెలీదా? తెలుసు. వచ్చిన రోజు దిగుతాను. రాని రోజు కూడా కిందే కూర్చోమంటే ఎలారా?"

పిడిని జేబులో పెట్టుకున్నాను.

"రేపు పొద్దున నాతో ఆసుపత్రికి వస్తావా?" అన్నాను.

"వస్తాను. వాసన భరిస్తాను. నువ్వు ఆవిడకి చెప్పేటప్పుడు నేను బయట నిలబడతాను. అది మాత్రం నీ ఒక్కడిదే."


మార్చి 11, సోమవారం

ఎనిమిదింటికి డాక్టరమ్మ గది. పెద్దాయన కూడా ఉన్నాడు. అక్క గుమ్మం బయట నిలబడింది. చెప్పాను. ఈసారి తడబడలేదు, నిన్న ఒకసారి సాధన అయింది కాబట్టి.

డాక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. చాలాసేపు పెట్టుకోలేదు.

"భయమేసిందా?" అంది.

"అవును మేడమ్."

"భయపడటం తప్పు కాదు. దాని మీద బుధవారం అని చీటీ అంటించడం తప్పు." పెన్ను నా వైపు తోసింది. "ఫిర్యాదు నీ చేత్తో రాశావు కదా. కారణం కూడా నీ చేత్తోనే రాయి. పదిహేడో నంబరు ఈ నెల లెక్కలోంచి తీసేస్తున్నాం. మిగతా నలభై ఒక్కమందీ రానక్కర్లేదు. ఫోన్లు నువ్వే చెయ్యి, అందరికీ. మూడు నెలలు నువ్వు రక్తం తియ్యడానికి వీల్లేదు. రిజిస్టరు మాత్రం రాయి, నీ దస్తూరి బాగుపడుతుంది."

పెద్దాయన "ఊఁ" అన్నాడు. తర్వాత ఆ రోజు రెండో వాక్యం: "స్లైడు దాచుకో. కొత్తవాళ్లకి చూపించడానికి పనికొస్తుంది."

"సార్, మీకు శుక్రవారమే తెలుసుగా. ఎందుకు చెప్పలేదు?"

"నాకు బుధవారమే తెలుసు" అన్నాడు. మూడో వాక్యం.

అక్క చేతిలోంచి రక్తం పెద్దాయనే తీశాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇరవై నిమిషాల్లోపే అత్తగారిలో వేశారు. 13.2. సైజు 88. అత్తగారు మెత్తగా ఒక్కసారి కూసింది, అది క్షమించినట్టో, వెక్కిరించినట్టో తెలీలేదు.

డాక్టరమ్మ ఆ కాగితం చూడకుండా పక్కన పెట్టింది. అక్కని గీత మీద నడిపించింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, కళ్లు మూసుకుని ముక్కు అందుకోమంది. అక్క పనిలో పనిగా నా ముక్కు కూడా కళ్లు మూసుకుని అందుకుంది. "పరంజా ఎక్కు. బెల్టు పెట్టుకో. ఎండలో ఎక్కువసేపు వద్దు, తలతిరిగినా, కాలు మొద్దుబారినా వెంటనే దిగి నాకు ఫోన్ చెయ్యి" అంది.

"దిగుతాను మేడమ్. హుందాగా దిగుతాను."

అమ్మకి ఆసుపత్రి నుంచే ఫోన్ చేశాం. "అంకెంత?" అంది అమ్మ మొదటగా.

ఫోన్ అక్క లాక్కుంది. "అంకె కాదమ్మా. నేను ఎలా ఉన్నానో అడుగు."

అటు నుంచి అమ్మ గొంతు, చిన్నగా: "ఎలా ఉన్నావే?"

"బాగున్నాను. నిచ్చెన తెప్పించు."

ముప్ఫైమూడో నంబరు టైపిస్టు తాతగారికి ఫోన్ చేశాను, రానక్కర్లేదని, తప్పు నాదని.

"అయ్యో, మనవరాలికి కొత్త జోళ్లు కొన్నానోయ్ రెండు బస్సులెక్కడానికి!" అన్నారు. "పరవాలేదు. తప్పు టైపు చేసినవాడు మళ్లీ కొట్టాలి, కాగితం చింపకూడదు. అదే రూలు."

హెడ్‌మిస్ట్రెస్‌కి సాయంత్రం నాలుగింటికి అక్క ఫోన్ చేసింది. గడువుకి రెండు గంటల ముందు.


మార్చి 14, గురువారం

గోడ మొదలైంది. నేను సెలవు పెట్టి పరంజా కింద నిలబడ్డాను, నిచ్చెన పట్టుకోవడానికి. నిచ్చెనకి అవసరం లేదు, అది ఇనపది, గోడకి కట్టేసి ఉంది. నాకు అవసరం.

అక్క బీరువా పైనుంచి బొమ్మ కిందికి తెచ్చింది. మా ఇంటి చరిత్రలో మొదటిసారి అక్కడినుంచి ఏదైనా తిరిగిరావడం. గోడ నిండా ఎర్ర బెలూన్లు. చిన్నవీ, కాస్త పెద్దవీ, ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ పోతున్నాయి, ప్రతిదాని మధ్యా ఒక మెత్తని పల్లం. పిల్లలు ఇంటర్వెల్లో వచ్చి ఒక్కొక్కరూ ఒక్కో బెలూను తమదని చెప్పుకుంటున్నారు, కొట్టుకుంటున్నారు.

మధ్యాహ్నానికి అక్క కుడి చివర ఒకటి వేసింది. మిగతావాటికన్నా బాగా ఉబ్బి, చుట్టూ చిన్నచిన్న ముళ్లతో, పైన రెండు తికమక కళ్లు.

"ఇదెవరిది?" అని అడిగింది కింద ఒక పాప.

"అదా?" అంది అక్క పైనుంచి. "అది మా తమ్ముడిది. వాడికే తెలుసు దాని కథ."

అందరూ నా వైపు తిరిగారు. నేను నిచ్చెన పట్టుకున్నాను, గట్టిగా.

అక్క రెండు మూడు గంటలకోసారి తనే ఆగి, కిందికొచ్చి, నీడలో కూర్చుని నీళ్లు తాగుతుంది. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పబోయి పెదవి కొరుక్కున్నాను, రెండుసార్లు. మూడోసారి అడిగాను: "అక్కా, ఎలా ఉంది?"

"కాలు బాగుంది, కన్ను బాగుంది, నువ్వు మాత్రం చూడటానికి బాలేవు. కాస్త నీళ్లు తాగు" అంది.

మహాజనులారా, ఎర్ర పెన్ను పెద్దాయనకి ఇచ్చేశాను. అమ్మ కళ్లజోడు కొత్తది వచ్చింది. పిడి నా దగ్గరే ఉంది, బల్ల మీద పెట్టుకున్నాను. ఈ డైరీ మొదట్లో చెప్పిన మూడు నేరాలకీ ఇక చెల్లు. పైన రాసిన క్షమాపణల్లో సగం నవ్వులాటకి. అత్తగారి నలత అబద్ధం, "చాలా పని" అబద్ధం. సోమవారం ల్యాబ్‌లో పెద్దగా పనే లేదు.

నేను నిజంగా చేసింది ఒక్కటే. సోమవారం పొద్దున మా అక్క రక్తాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్లి, అత్తగారి ముందు నిలబడి, బయటకి తియ్యలేక, అలాగే ఇంటికి తీసుకొచ్చేశాను. మంగళవారం కూడా. రెండు రోజులు అది నా గుండె మీద వెచ్చగా ఉంది. చూడనంతసేపు మా అక్క బాగానే ఉంటుందనుకున్నాను.